పాఠశాలలో సీపీఆర్ శిక్షణ

ప్రశ్న: తొమ్మిదవ తరగతి పిల్లలందరికిని సీపీఆర్ (గుండె నిలిచినవారి ఱొమ్మునదుము ప్రథమచికిత్స) శిక్షణ నిర్బంధము చేయవలెనని కొందరనుచున్నారు. ఆ వయస్సునకది సాధ్యమా?
— ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, సాధ్యము మాత్రమే కాదు, అవశ్యకర్తవ్యము కూడను. గుండె హఠాత్తుగా నిలిచినంతనే మెదడునకు రక్తమందక నాలుగైదు నిమిషములలోనే హాని ఆరంభమగును గనుకను, 108 వాహనమెంత వేగముగా బయలుదేరినను ఆలోపల చేరునన్న నిశ్చయము లేదు గనుకను, ఆ స్వల్పవ్యవధిలో రోగి ప్రాణము చెంతనున్నవారి చేతులలోనే యుండును. ఇంటిలో తాతగారు కూలిపోయినపుడు చెంతనుండునది బడిపిల్లవాడే కావచ్చును. నార్వేలో ఆస్మండ్ లెయర్డాల్ అను బొమ్మల తయారీదారు సీపీఆర్ అభ్యాసమునకై 1960లో మనుష్యాకృతి బొమ్మను నిర్మించెను. డెన్మార్కు 2005లో పాఠశాలలయందీ శిక్షణను చట్టబద్ధము గావించెను.

పదమూడు, పదునాలుగేండ్ల పిల్లలలో పెక్కుమందికి ఱొమ్మునదుముటకు తగినంత బలముండును. రోగి స్పృహ దప్పి, శ్వాస సరిగా ఆడనిచో, ముందుగా 108కి ఫోను చేయించి, ఱొమ్ము నడుమ అరచేతి మడమనుంచి, రెండవ చేతిని దానిపై వేసి, మోచేతులు వంచక, నిమిషమునకు 100 మొదలు 120 సారులు, సుమారు 5 సెంటీమీటర్ల లోతునకు అదుమవలెను; ప్రతి అదుమునకును పిమ్మట ఱొమ్ము పూర్తిగా పైకి లేవనీయవలెను. పిల్లలు తొందరలో మఱచునది ఈ కడపటిదే. బలము చాలని పిల్లలు సైతము ఫోను చేసి, పెద్దలకు విధానము చెప్పగలరు. ఏటేట రెండు గంటలు చాలును. దీనికి మార్కులు మాత్రము పెట్టకుడు.