కిటికీలో కదలని చుక్క

చి. బుజ్జికి,


నీ వాయిస్ మెసేజ్ విన్నాను. గొంతు వణుకుతున్నా జరిగింది జరిగిన వరుసలో చెప్పావు, అది మంచి లక్షణం. ఫోన్ చేసి ఓదార్చడం నాకు సులువే. కానీ నువ్వడిగినవి ఓదార్పుతో తీరే ప్రశ్నలు కావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను, నింపాదిగా చదువుకో.

టవర్‌లో పనిచేసినవాడికి విన్నది తిరిగి చెప్పనిదే తోచదు. ముందు నా రీడ్‌బ్యాక్ విను, తేడా ఉంటే దిద్దు. టవర్ లేని ఎయిర్‌పోర్టు. రన్‌వే చుట్టూ ఎడమ సర్క్యూట్. నువ్వు సెస్నాలో, రన్‌వేకి సమాంతరంగా డౌన్‌విండ్‌లో, నేలకి వెయ్యి అడుగుల ఎత్తున ఉన్నావు, రన్‌వే నీ ఎడమచేతి వైపు. నీ కళ్ళు కాసేపు రన్‌వే మీద, కాసేపు వేగం చూపే ముల్లు మీద. కుడి సీట్లో ఇన్‌స్ట్రక్టర్ నీ వైపు తిరిగి పవర్ ఎక్కడ తగ్గించాలో, ఫ్లాప్ ఎప్పుడు వెయ్యాలో చెబుతున్నాడు. సర్క్యూట్‌లో చేరడానికి కుడివైపు నుంచి వాలుగా, సరిగ్గా మీ ఎత్తులోనే ఒక పైపర్ విమానం వస్తోంది. ఇన్‌స్ట్రక్టర్ మాట మధ్యలో ఎందుకో తల తిప్పాడు. కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకుని ముక్కు కిందికి తోసేశాడు. పైపర్ మీ పైనుంచి వెళ్ళిపోయింది. టైరు మీద అంటుకున్న మట్టి కూడా కనబడిందన్నావు. రేడియోలో ఆ పైలట్ గొంతు ఒక్కసారి కూడా వినబడలేదు.

తప్పెవరిదని అడిగావు. రూలు పుస్తకం తెరిస్తే నీకు నచ్చని జవాబు దొరుకుతుంది. రెండు విమానాలు పక్కపక్క దిక్కుల నుంచి ఒకే చోటికి వస్తుంటే, కుడివైపు ఉన్నదానికి దారి ఇవ్వాలి. పైపర్ నీ కుడివైపే ఉంది. ఇక పద్ధతి ప్రకారం చూస్తే, కొత్తగా చేరేవాడే అప్పటికే తిరుగుతున్నవాళ్ళ వరుసలో సర్దుకోవాలి. అలా పైపర్ పైలట్‌దీ తప్పే. రేడియోలో పలకలేదు కదా అంటావా, అమెరికాలో టవర్ లేని చోట రేడియో ఉండి తీరాలనే చట్టమే లేదు. ఉన్నవాడు కూడా పక్క ఊరి ఫ్రీక్వెన్సీలో చక్కగా కబురు చెప్పుకుంటూ వచ్చి ఉండొచ్చు. ఈ వాదన ఎంతసేపైనా సాగుతుంది. లాయర్లకి పనికొస్తుంది, నీకు కాదు. అదలా ఉంచు.

మొత్తం కథలో నాకు ముఖ్యంగా తోచింది పైపర్ కాదు. మీ ఇన్‌స్ట్రక్టర్ ముఖం ఎటు తిరిగి ఉందన్నది.

నువ్వు ఎడమకి చూస్తున్నావు. అతను నిన్ను చూస్తున్నాడు. అంటే నాలుగు కళ్ళూ ఎడమవైపే ఉన్నాయి. కుడివైపు ఆకాశాన్ని మొత్తం ఎవరికీ అప్పగించకుండా వదిలేశారు. పైగా అతని తలే నీకు కుడి కిటికీని మూసేసింది. ఒంటరిగా ఎగురుతుంటే నువ్వు కుడికి ఓసారి చూసేదానివే. పక్కన తెలిసినవాడు ఉన్నాడన్న ధీమాతో చూడలేదు. పిల్ల బయట చూస్తూనే ఉంటుందిలే అని అతను పాఠంలో పడిపోయాడు. శిక్షణ విమానంలో ఇద్దరుంటే భద్రత రెట్టింపు అని బయటివాళ్ళు అనుకుంటారు. చూపు విషయంలో ఒక్కోసారి అది సగమైపోతుంది.

అతన్ని తిట్టమని కాదు నేను చెబుతున్నది. ఆఖరి క్షణంలో తల తిప్పినవాడూ అతనే, చెయ్యి వేసినవాడూ అతనే. అమెరికాలో ఎయిర్‌లైన్ సీటుకి 1500 గంటల నిబంధన పెట్టాక, ఆ గంటలు పోగేసుకోవడానికి పాఠాలు చెప్పే కుర్రాళ్ళే ఎక్కువ. నీకంటే నాలుగేళ్ళు పెద్దవాడేమో. అతనికీ ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

ఇంత పెద్ద విమానం ఎలా కనబడలేదని నువ్వు పదేపదే అన్నావు. కనబడకపోవడమే సహజం. ఢీకొనబోయే విమానానికి ఒక లక్షణం ఉంది. అది నీ కిటికీలో కదలదు. పక్కకి జరిగే చుక్క నీ ముందు నుంచో వెనక నుంచో దాటిపోతుంది. ఒకే చోట అంటిపెట్టుకుని ఉండే చుక్క నీ దగ్గరికే వస్తోందన్నమాట. మన కన్నేమో కదిలేదాన్ని పట్టుకోవడానికి అలవాటు పడింది, కదలనిదాన్ని అద్దం మీద మరక కింద జమకట్టేస్తుంది. ఆ చుక్క చాలాసేపు చుక్కగానే ఉండి, చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా విమానమంత అవుతుంది. పైగా అది కదలదు కాబట్టి, తలుపు పక్కన ఉండే సన్నటి కమ్మీ వెనక ఒకసారి దాక్కుందంటే చివరిదాకా అక్కడే దాక్కుంటుంది.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సలహా పత్రం ఒకదాంట్లో ఒక లెక్క ఉంది, మీ గ్రౌండ్ స్కూల్లో చెప్పే ఉంటారు. వస్తువు కంటపడటానికి సెకనులో పదోవంతు. అది విమానమని పోల్చుకోవడానికి ఒక సెకను. మన మీదికే వస్తోందని గ్రహించడానికి ఐదు. ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి నాలుగు. చెయ్యి కదలడానికి 0.4, విమానం మాట వినడానికి ఇంకో రెండు. మొత్తం 12.5 సెకన్లు. అందులో తొమ్మిది సెకన్లు చెయ్యీ కాదు, యంత్రమూ కాదు, బుర్ర తీసుకునే వ్యవధి. ఇప్పుడు రెండు సెస్నాలు చెరో 90 నాట్ల వేగంతో ఎదురెదురుగా వస్తున్నాయనుకో. సెకనుకి దాదాపు 93 మీటర్ల దూరం తరిగిపోతుంది. అంటే కిలోమీటరుకి పైగా దూరాన ఉండగానే నీకు కనబడాలి. అంత దూరంలో సెస్నా రెక్కల నిడివి, పున్నమి చంద్రుడి వెడల్పంత. అదీ గుండ్రంగా, వెలుగుతూ కాదు, ఎండలో తెల్లటి సన్నగీతలా.

మనవాళ్ళు చాలామంది కళ్ళు ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పేసి చూశామనుకుంటారు. తిరుగుతున్న కన్నుకి ఏమీ ఆనదు. పది డిగ్రీల చొప్పున ఆకాశాన్ని ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను చూపు ఆపాలి. ఖాళీ ఆకాశంలో చూడటానికి ఏమీ లేకపోతే కన్ను తనంతట తానే దగ్గరి దూరానికి సర్దుకుని కూచుంటుంది. మీ అరిజోనాలో కొండలకి కొదవ లేదు కాబట్టి మధ్యమధ్య దూరపు కొండ అంచుని చూసి కన్నుని సరిచేసుకో. తల కదుపు, ముందుకి వంగి కమ్మీ వెనక చూడు. సెస్నా రెక్క పైన ఉంటుంది, నువ్వు తిరిగే వైపే వాలి అటు కనబడకుండా చేస్తుంది. అందుకని బేస్‌కి తిరిగేముందు ఆ రెక్కని ఓసారి ఎత్తి చూడు. ఇన్‌స్ట్రక్టర్ విసుక్కున్నా సరే.

నీ మెసేజ్‌లో ఒక మాట నన్ను కలవరపెట్టింది. “నేను కాల్స్ అన్నీ ఇచ్చాను పెదనాన్నా” అన్నావు. ఇచ్చావు, మంచిదే, కానీ అదొక్కటే చాలదు. 2022 ఆగస్టులో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, టవర్ లేని చోటే, సర్క్యూట్‌లో తిరుగుతున్న సెస్నా 152ని, దిగడానికి నేరుగా ఫైనల్‌కి వచ్చిన రెండింజన్ల సెస్నా 340 ఢీకొట్టింది. ముగ్గురు పోయారు. ఇద్దరు పైలట్లూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. కానీ పెద్ద విమానం దిగే దశలో ఉండాల్సినదానికన్నా చాలా వేగంగా, 180 నాట్ల ప్రాంతంలో వచ్చేసింది. విన్నది వేరు, చూసింది వేరు. టాబ్లెట్ తెరమీద చుట్టుపక్కల విమానాలకి ఏడీఎస్-బీ చూపే బాణం గుర్తులు కూడా అంతే. అది లేని పాత విమానాలు చిన్న ఎయిర్‌పోర్టుల చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. తెరలో లేనంత మాత్రాన ఆకాశంలో లేనట్టు కాదు.

మా వృత్తిలో ఎవరూ మరిచిపోలేని తేదీ 1996 నవంబరు 12. హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద సౌదీ జంబో, కజక్ ఇల్యూషిన్ ఢీకొని 349 మంది పోయారు. సౌదీ విమానం 14 వేల అడుగుల దగ్గర ఆగి ఉంది. కజక్ విమానం 15 వేల దగ్గర ఆగాల్సింది, ఆగలేదు. ఆ కాక్‌పిట్‌లో ఐదుగురున్నారు. కంట్రోలర్‌తో మాట్లాడే రేడియో ఆపరేటర్ ఒకడు, విమానం నడిపేవాళ్ళు వేరొకరు. చెప్పిన ఎత్తు ఒకడి చెవిలో, నిజమైన ఎత్తు మరొకడి కళ్ళ ముందు. ఐదుగురున్నా ఆ రెండింటినీ ఒకచోట చేర్చినవాడు సమయానికి లేకపోయాడు. ఆ తర్వాతే మన దేశంలో పెద్ద విమానాలకి ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు. నీ సెస్నాలో అది ఉండదు. మీరిద్దరే ఉంటారు.

అందుకని మీ ఇన్‌స్ట్రక్టర్‌తో రేపే కూచుని ఒక ఒప్పందం చేసుకో. ఎగిరేముందు బ్రీఫింగ్‌లో, కుడివైపు ఎవరిది, ఎడమ ఎవరిదని నోటితో తేల్చుకోండి. సర్క్యూట్‌లో పాఠం చెప్పొద్దని మర్యాదగానే అడుగు. చెప్పాల్సినవి నేల మీద చెప్పొచ్చు, ఇంధనం ఖర్చు కూడా కాదు. ఎవరికి విమానం కనబడినా గడియారం లెక్కలో గట్టిగా చెప్పాలి, రెండోవాడు చూసి ఔనో కాదో అనాలి. అతను పెద్దవాడు, నేను చెబితే ఏమనుకుంటాడో అని తటపటాయించకు. గంటకి డబ్బు కడుతున్నది మీ నాన్న.

ఇంకొకటి. బేగంపేట టవర్‌లో ఉన్న రోజుల్లో, ఫ్లయింగ్ క్లబ్ పిల్లలు సర్క్యూట్లు కొడుతుంటే వాళ్ళ మధ్యలోనే పెద్ద విమానాలు దింపేవాళ్ళం. ఫైనల్‌లో ఉన్న విమానం కనబడుతోందా అని అడిగితే, కొందరు నేను మాట పూర్తిచెయ్యకముందే ‘ఇన్ సైట్’ అనేసేవాళ్ళు. బైనాక్యులర్స్‌లో చూస్తే అలా అన్నవాడి విమానం ముక్కు ఇంకో దిక్కున ఉండేది. కనబడలేదంటే చిన్నతనమని భయం. ఒక్క అమ్మాయి మాత్రం ప్రతిసారీ, నిజంగా కనబడేదాకా, ‘నెగటివ్ కాంటాక్ట్’ అనేది. టవర్‌లో కొందరికి విసుగు. నాకు మాత్రం ఆ పిల్ల సర్క్యూట్‌లో ఉందంటే నిశ్చింతగా ఉండేది. ‘ఇన్ సైట్’ అన్నావంటే దాన్ని తప్పించుకునే బాధ్యత నీ నెత్తిన వేసుకున్నట్టే. కనబడకపోతే కనబడలేదని చెప్పు, ఎన్నిసార్లైనా.

రిపోర్టు చెయ్యాలా అన్నావు. చెయ్యాలి, ఈ వారంలోనే. నాసా నడిపే భద్రతా నివేదికల వ్యవస్థ ఏఎస్‌ఆర్‌ఎస్‌కి పదిరోజుల్లోపు రాస్తే, తెలియక జరిగిన పొరపాటుకి లైసెన్సు మీద చర్య పడకుండా రక్షణ కూడా ఉంటుంది, పేర్లు తీసేస్తారు. మీ ఇన్‌స్ట్రక్టర్ రాశాడు కదా అని ఊరుకోకు, అతనిది అతనికే, నీది నువ్వే రాయాలి. ఆ వ్యవస్థ ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే బద్ధకించవు. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ 514 విమానం దిగుతూ కొండని ఢీకొట్టింది, 92 మంది పోయారు. కారణాల్లో ఒకటి, ఎంత ఎత్తుకి దిగొచ్చన్న మాట మీద అపార్థం. అంతకు ఆరువారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే చోట, అదే అపార్థంతో కొండని త్రుటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ సంస్థకి చెప్పారు, సంస్థ తన పైలట్లందరికీ చెప్పింది. టీడబ్ల్యూఏ పైలట్లకి చెప్పే దారి లేకపోయింది. ఆ దారి వెయ్యడానికే 1976లో ఏఎస్‌ఆర్‌ఎస్ పెట్టారు. మీ ఎయిర్‌పోర్టులో ఆ మూల నుంచి చేరేవాళ్ళతో ఇబ్బంది పడింది నువ్వొక్కదానివే కాకపోవచ్చు. నాలుగు రిపోర్టులు ఒకే మూలని చూపిస్తే ఎవరో ఒకరి కంటపడుతుంది.

రాసేటప్పుడు భయం గురించి ఒక్క వాక్యం చాలు. సమయం, ఎత్తు, దిక్కు, నీ వేగం, ఎండ ఎటుంది, కిటికీకి ఏది అడ్డొచ్చింది, ఎవరు ఎటు చూస్తున్నారు, ఇవి రాయి. ముఖ్యంగా ఆ చివరిది.

మళ్ళీ ఎగరడం గురించి నువ్వు అడగలేదు, అడగాలనుకుని మింగేశావని మాత్రం తెలిసింది. కడుపునిండా తిని, రెండు రాత్రులు సరిగ్గా పడుకుని, ఆ తర్వాత అదే సర్క్యూట్‌కి వెళ్ళు. మరీ వాయిదా వేస్తే భయం పాతుకుంటుంది. ఎక్కాక చెయ్యి వణికితే ఇన్‌స్ట్రక్టర్‌కి కంట్రోల్స్ ఇచ్చేసి, ఆ రోజంతా బయట చూడటమే పనిగా పెట్టుకో. అది కూడా పాఠమే, లాగ్‌బుక్‌లో గంట పడుతుంది.

మీ అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పు, కానీ తొందరగా చెప్పు. 2025 జూలైలో కెనడాలో స్టైన్‌బాక్ దగ్గర, టేకాఫ్‌లు ల్యాండింగ్‌లు సాధన చేస్తున్న ఇద్దరు విద్యార్థుల సెస్నాలు ఢీకొని ఇద్దరూ పోయారు, అందులో ఒకడు కేరళ అబ్బాయి. ఆ వార్త చదివినప్పటి నుంచి ఆవిడ నీ ఫోన్ ఎత్తేముందు గడియారం చూసుకుంటోంది. దాచిపెట్టి తర్వాత ఎవరి ద్వారానో తెలిస్తే ఇక నువ్వు చెప్పే ‘బాగున్నాను’లో ఒక్కటీ నమ్మదు. చెప్పేటప్పుడు టైరు మీది మట్టి సంగతి వదిలెయ్.

రిపోర్టు నకలు పంపేముందు నాకొకసారి పెట్టు. అంకెలు సరిపోయాయో లేదో చూస్తాను, భాష జోలికి రాను.

ఉంటాను,
పెదనాన్న