మామిడికి ముడతల అట్టపెట్టె

రెండు చదునైన దళసరి కాగితముల మధ్య, అలలవలె ముడతలు పెట్టిన కాగితమును గంజితో అతికించినచో మూడు పొరల అట్ట తయారగును. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ సీసాలు చుట్టుటకై ముడతల కాగితమునకు పేటెంటు పొందెను.

దూరపు మార్కెట్టుకు మామిడి పంపు రైతులు పెట్టె కొనునపుడు మూత రెక్కల అంచు చూడవలెను. అచట ముడతల రంధ్రములు కనిపించినచో గోడలలో ముడతలు నిలువుగా నున్నట్లే. నిలువు ముడతలే బరువు నాపును. ఎత్తుగా పేర్చుటకు అయిదు పొరల అట్ట మేలు.

పెట్టె మూలలు ఎక్కువ బరువు మోయును. కావున మూలపై మూల వచ్చునట్లు పేర్చవలెను. గాలి రంధ్రములు మూలలకు దూరముగా నుండవలెను. తేమ తగిలిన అట్ట మెత్తబడును. తడి నేలపై పెట్టరాదు, తడి కాయలు నింపరాదు. పెట్టె కుంగినచో పై బరువంతయు కాయలపై పడి, ఏడాది శ్రమ దారిలోనే నలిగిపోవును.