పైపు గుంట దగ్గరే మొదలయ్యే ఉద్యోగం

చిరంజీవి అమ్మాయికి,

మున్సిపాలిటీలో ప్రజాసంబంధాల ఉద్యోగం మీద మనసుపడ్డావని మీ నాన్న చెప్పాడు. జర్నలిజం చదివిన పిల్లలంతా టీవీ చానళ్ళ వైపు, సినిమా ప్రచారం వైపు చూస్తున్న రోజుల్లో ఈ మాట వినడం ఎంతో సంతోషంగా ఉంది. ఆ కొలువు తీరుతెన్నులు తెలిశాక నిర్ణయం తీసుకుంటావని ఈ ఉత్తరం.

ముందు మున్సిపాలిటీ పనులేమిటో చూడు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. మంచినీళ్ళు, రోడ్లు, చెత్త, వీధిదీపాలు, జనన మరణ నమోదు, శ్మశానాలు అన్నీ అందులోవే. ఇన్ని పనుల గురించి జనానికి చెప్పడానికి చిన్న మున్సిపాలిటీల్లో చాలాచోట్ల విడిగా మనిషే ఉండడు. మేనేజరో, కంప్యూటర్ ఆపరేటరో నాలుగు ముక్కలు టైపు చేసి విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. పెద్ద కార్పొరేషన్లలో ప్రజాసంబంధాల అధికారి (పీఆర్వో) ఉంటారు. సమాచార పౌరసంబంధాల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్ళు కొందరు, కాంట్రాక్టు మీద చేరేవాళ్ళు కొందరు. ఆ శాఖలో జిల్లా పీఆర్వో (డీపీఆర్వో), అసిస్టెంట్ పీఆర్వో (ఏపీఆర్వో) పోస్టులకు సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లు వస్తుంటాయి. దారి ఏదైనా, లోపలికి వెళ్ళాక నేర్చుకోవాల్సింది ఒకటే.

కొత్తగా చేరినవాళ్ళు ముందు విలేకరులను పరిచయం చేసుకోవాలని ఆత్రపడతారు. అది తర్వాతైనా జరుగుతుంది. ముందు పరిచయం కావాల్సింది నీళ్ళ లైన్‌మన్, శానిటరీ ఇన్‌స్పెక్టర్, పారిశుద్ధ్య జవాన్, పన్నుల బిల్ కలెక్టర్. ఎందుకో ఒక ప్రకటన చూస్తే తెలుస్తుంది. మున్సిపల్ ఆఫీసులో మామూలుగా తయారయ్యేది ఇలా ఉంటుంది: “సాంకేతిక కారణముల రీత్యా ప్రధాన పైపులైను మరమ్మతులు చేపట్టుచున్నందున పట్టణములోని కొన్ని ప్రాంతములకు మంచినీటి సరఫరాలో అంతరాయము కలుగును. ప్రజలు సహకరించవలసినదిగా కోరడమైనది.”

ఏ వీధులకు? ఎప్పటిదాకా? అంతవరకూ నీళ్ళెక్కడ దొరుకుతాయి? బిందె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలికి కావాల్సిన సంగతి ఇందులో ఒక్కటీ లేదు. ఇదే ప్రకటనను పైపు గుంట దగ్గరికి వెళ్ళొచ్చిన మనిషి రాస్తే ఇలా ఉంటుంది: “రేపు బుధవారం కొత్తపేట, గాంధీనగర్ వీధులకు కుళాయి నీళ్ళు రావు. ఈ సాయంత్రమే పట్టి ఉంచుకోండి. రేపు మధ్యాహ్నం రామాలయం దగ్గరికి ట్యాంకర్ వస్తుంది. గురువారం పొద్దున నీళ్ళు వదులుతాం. మొదట కాసేపు బురదనీళ్ళు రావచ్చు, అవి తాగకండి.” ఆ చివరి వాక్యం కమిషనర్ చాంబర్‌లో దొరకదు. పైపు కోసి అతికిస్తే లోపలికి మట్టి పోతుందని లైన్‌మన్‌కే తెలుసు. అందుకే అతని దగ్గరికి వెళ్ళాలి.

ఇక పత్రికలు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక వార్డు మురుగుకాలువ కూడా వార్తయింది. పొద్దున్నే క్లిప్పింగులు కమిషనర్ బల్ల మీదికి వెళ్తాయి. వ్యతిరేక వార్త ఉంటే వెంటనే రిజాయిండర్ రాసి పంపమంటారు. ఇక్కడే కొత్తవాళ్ళకు పరీక్ష. వార్త నిజమో కాదో ఆ వీధికి వెళ్ళి చూడకుండా ఖండన రాయడం తప్పు. నిజమైతే పని చేయించి, చేశామని చెప్పాలి. అబద్ధమైతే ఆధారంతో ఖండించాలి. విలేకరులు తప్పును మన్నిస్తారు, అబద్ధాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

ఈ ఉద్యోగం విలువ తెలిసేది కష్టకాలంలోనే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ప్రమాదవేళ ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ఆ రాత్రే మళ్ళీ లీకైందన్న మాట పుట్టింది. అధికారుల నోట్లోంచే పొంతన లేని కబుర్లు వచ్చాయి. పిల్లల్ని చంకనేసుకుని జనం రోడ్డెక్కారు. అలాంటి రాత్రి ఒకే చోటు నుంచి, ఒకే గొంతుతో, తెలిసినంత తెలిసినట్టు చెప్పే ఏర్పాటు ముందుగానే ఉండాలి.

అమెరికాలోని ఫ్లింట్ నగరం కథ ఇంకోలాంటిది. 2014లో అక్కడ కుళాయి నీటి వనరును మార్చారు. నీళ్ళు బాగాలేవని జనం మొత్తుకున్నారు. 2015 జులైలో మేయర్ టీవీలో ఆ నీళ్ళే తాగి చూపించాడు. కొద్ది నెలల్లోనే ఆ నీళ్ళలో సీసం ఉందని, పిల్లల రక్తంలో దాని పాళ్ళు పెరిగాయని బయటపడింది. నవంబరు ఎన్నికల్లో మేయర్ ఓడిపోయాడు. పరీక్షల ఫలితాలు నిర్ధారించుకోకుండా ఇచ్చే భరోసా జనానికి హాని చేస్తుంది, చెప్పినవాళ్ళనూ ముంచుతుంది.

రెండు సంగతులు కంఠతా ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకముందే బయటపెట్టాల్సిన వివరాలు చాలా ఉన్నాయి. వాటిని తాజాగా ఉంచడం పెద్ద పని, పేరు రాని పని. రెండోది, ప్రభుత్వ ప్రకటనలు వ్యక్తిపూజకు, పార్టీ ప్రచారానికి వాడకూడదని 2015 మే 13న సుప్రీంకోర్టు చెప్పింది. చైర్‌పర్సన్ ఫొటో ఇంత పెద్దగా వెయ్యమని ఎవరైనా ఒత్తిడి తెస్తే, ఆ తీర్పు కాగితం చేతిలో ఉండడం మంచిది.

అందరూ పేపరు చదవరు, అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ ఉండదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) రిసోర్స్ పర్సన్ ఒక్క సాయంత్రంలో పొదుపు సంఘాల ఆడవాళ్ళందరికీ మాట చేరవేయగలదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖలో కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు మైకు కట్టిన ఆటోయే దిక్కు. ఉర్దూ మాట్లాడే వీధుల్లో ఉర్దూలో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ అది రెండో అధికార భాష.

జీతం మొదట్లో తక్కువే, ముఖ్యంగా కాంట్రాక్టు అయితే. సెలవు రోజన్నది ఉండదు, వాన పడ్డ రాత్రి నిద్రా ఉండదు. అయినా ఈ ఉద్యోగంలో చేరమనే చెబుతాను. ఊరికి మంచి డాక్టరు ఎంత అవసరమో, నిజం నిలకడగా చెప్పే ఇలాంటి మనిషీ అంతే అవసరం.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చెయ్యి తల్లీ. సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు మీ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి ఒక మూల కూర్చో. వచ్చినవాళ్ళు ఏ మాటల్లో తమ బాధ చెప్పుకుంటున్నారో రాసుకో. అవే మాటలతో మీ వార్డుకు పనికొచ్చే ప్రకటన ఒకటి రాసి నాకు పంపు. దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న