అసురసంధ్య వేళ భయమా, దీపమా?

మొన్నటి వీడియోలో టైమ్ చాలక వదిలేసిన ప్రశ్న ఇది. "సాయంత్రం ఆరైతే చాలు, ఏదో దిగులు. ఆ వేళ మంచిది కాదంటారు కదా, అందుకేనా?" అని ఒక అమ్మాయి అడిగింది.

నాకూ ఆ దిగులు తెలుసండీ. నాన్న పోయిన ఏడాది, ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళకి గేటు చప్పుడైతే గుండె ఝల్లుమనేది. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

"అసురసంధ్య వేళ పడుకోకు, ఇల్లు ఊడ్వకు" అని పెద్దలు అంటారు కదా. భాగవతం తృతీయ స్కంధంలో దితి సరిగ్గా ఆ వేళలోనే సంతానం కావాలని పట్టుబడుతుంది. ఇది శివుడు భూతగణాలతో తిరిగే సమయం, కాసేపు ఆగమంటాడు కశ్యపుడు. ఆమె ఆగలేదు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు పుట్టారు. మన భయానికి ఇలాంటి కథలే ఆధారం.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. సప్తమ స్కంధంలో నరసింహస్వామి వచ్చిందీ సంధ్యవేళే. పగలూ కాదు, రాత్రీ కాదు. ఇంటి లోపలా కాదు, బయటా కాదు, గడప మీద. అసురుడు పుట్టడానికి కారణమైన వేళే ప్రహ్లాదుడికి రక్షణ అయింది.

భారత యుద్ధం 14వ రోజు చూడండి. పొద్దు వాలేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడి శపథం. చీకటి పడగానే కౌరవులకు పండగ, పాండవులకు గుండెకోత. తీరా చూస్తే అది కృష్ణుడు కప్పిన చీకటి. అస్తమయం ఒకటే, చూసేవాళ్లను బట్టి అర్థం మారింది.

బిహార్‌లో ఛఠ్ పూజ చేసేవాళ్లు కార్తీక శుద్ధ షష్ఠినాడు ముందు అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు, మర్నాడు ఉదయించే సూర్యుడికి. వెళ్లిపోయేవాడికీ దణ్ణం పెట్టే సంస్కారం అది. మన సాయంసంధ్యావందనంలో పడమర తిరిగి ఇచ్చే అర్ఘ్యమూ అలాంటిదే.

నాన్నకు నేను సరిగా వీడ్కోలు చెప్పలేదు. ఇప్పుడు రోజూ ఆ వేళకి ఒక దీపం పెడతాను. దిగులు పూర్తిగా పోలేదు గానీ, దానికి చెయ్యడానికి ఒక పని దొరికింది.

ఈ రోజు మీరూ ఆరింటికి ఫోన్ పక్కన పెట్టి, బాల్కనీలోనైనా సరే, ఒక్క దీపం పెట్టి చూడండి. ఏమనిపించిందో నాకు చెప్పండి.

శుభం.