పిల్లి మూత్రపు వాసన, మరకలు: ఇంట్లో ఉన్న వస్తువులతో పోగొట్టడం ఎలా?



ఖమ్మం నుండి భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న మన పల్లెల్లో వడ్ల బస్తాలు, ఇప్పపువ్వు, చింతపండు అన్నీ ఇంట్లోనే నిల్వ ఉంటాయి. వాటికోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. కాబట్టి పిల్లిని తరిమేయండి అని మేము చెప్పం. అయితే వానలు మొదలయ్యాయంటే చాలు, "ఇల్లంతా పిల్లి కంపు, ఎన్నిసార్లు కడిగినా పోవడం లేదు, ఏం చల్లమంటారు?" అని అడిగేవారు ఎక్కువవుతారు. వాసన ఒక్కటే అయితే ఆరోగ్య పత్రికలో దీనికి ఇంత చోటు అక్కరలేదు. దాన్ని పోగొట్టాలని కొందరు ఇంట్లో కలిపే మందులు ఆ మూత్రం కంటే ప్రమాదం. అందుకే ముందు ఆ సంగతి చెబుతాం.

బ్లీచింగ్ పొడి వద్దు

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు గాని, అంతకుముందు వరదలప్పుడు గాని, నీరు తీశాక ఊరంతా బ్లీచింగ్ పొడి చల్లడం మనం చూసిందే. మురుగు కాలువకు, బావికి అది మంచిదే. ఆ అలవాటుతోనే పిల్లి పోసిన చోట కూడా గుప్పెడు చల్లేస్తారు. మూత్రం పాతబడితే అందులోని యూరియా విరిగి అమ్మోనియా తయారవుతుంది. దొడ్లో ముక్కు మండించే ఘాటు అదే. బ్లీచింగ్ పొడి అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ అనే విషవాయువు పుడుతుంది. ఇక వాసన ఇంకా పోలేదని అదే చోట మరుగుదొడ్డి కడిగే యాసిడ్ గాని, వెనిగర్ గాని, నిమ్మరసం గాని పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీలు మూసిన చిన్న గదిలో ఇది ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, ముసలివారికి మరీ ముప్పు.

పొరపాటున అలా కలిపి ఉంటే దాన్ని తుడుస్తూ అక్కడే కూర్చోకండి. అందరూ వెంటనే బయట గాలిలోకి రండి, తలుపులు తెరిచి ఉంచండి. కళ్ళు మండితే మంచినీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. దగ్గు, ఆయాసం, ఛాతీలో బిగువు ఉంటే ఆసుపత్రికి రండి. కాస్త తగ్గినట్టు అనిపించినా కొన్ని గంటల తరువాత ఆయాసం పెరగవచ్చు, కాబట్టి తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.

నల్ల ఫినాయిల్ కూడా ఈ పనికి మంచిది కాదు. పిల్లి కాలేయం ఫినాల్ జాతి మందులను విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే దానికి విషమే.

ఆ కంపు ఎందుకు అంత మొండిది?

పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఉంటుంది. అందులో గంధకం ఉంది. జపాన్‌లో మసావో మియజాకి అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు 2006లో దీన్ని పిల్లి శరీరం ఎలా తయారు చేస్తుందో వివరించారు. పోసిన వెంటనే దానికి పెద్దగా వాసన ఉండదు. గంటలు, రోజులు గడిచేకొద్దీ విరిగి గంధకపు కంపు బయటికి వస్తుంది. గండుపిల్లిలో ఇది ఎక్కువ, అందుకే అది గోడకు చిమ్మిన చోట అంత భరించలేం. ఎండిపోయిన మూత్రం గాలిలోని చెమ్మను పీల్చుకుని మళ్ళీ వాసన వేస్తుంది. ఎండాకాలమంతా ఊరుకున్న మూల మొదటి వానకే కంపు కొట్టడానికి ఇదే కారణం.

దీన్నిబట్టి తెలిసేదేమంటే, అగరొత్తులు, సెంట్లు ఉపయోగం లేదు. ఎంత త్వరగా తుడిస్తే అంత సులువు.

తడి ఆరకముందు

పాత గుడ్డ గాని, దినపత్రిక గాని వేసి గట్టిగా అదమండి. రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. గుడ్డ మారుస్తూ తడి రానంతవరకు అదిమి, చల్లని నీళ్ళు కొద్దిగా పోసి మళ్ళీ అదమండి. వేడినీళ్ళు వద్దు, మరక పట్టుకుంటుంది. సిమెంటు నేల మీద అయితే చల్లారిన కట్టెల బూడిద చల్లి పీల్చనిచ్చి ఊడ్చడం మన పెద్దలు చేసేదే, అది మంచి పద్ధతే. పాత మరక మీద మాత్రం బూడిద గాని, సున్నం గాని చల్లితే అందులోని క్షారం అమ్మోనియాను ఒక్కసారిగా పైకి లేపుతుంది, ముక్కు పగిలిపోతుంది.

తరువాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కు ఒక వంతు నీళ్ళు కలిపి ఆ చోట తడిపి, పావుగంట ఉంచి, గుడ్డతో అద్ది ఆరనివ్వండి. ఆరాక వంటసోడా పలుచగా చల్లి రాత్రంతా వదిలి పొద్దున ఊడ్చేయండి. వెనిగర్, సోడా రెండూ ఒకే గిన్నెలో కలిపితే బుసబుస పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఒకదాన్ని ఒకటి చంపుకుని చివరకు మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ వంటిదే. ఒకటి ఆరాకే రెండోది.

బండల ఇళ్ళవారు ఇక్కడ ఒక సంగతి గమనించగలరు. కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ ఇవన్నీ సున్నపురాయి. వెనిగర్, నిమ్మకాయ, చింతపండు పులుసు ఏది పడినా మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. వాటిమీద సబ్బునీళ్ళు గాని, కుంకుడు రసం గాని, ఆపైన సోడా గాని చాలు. మన ఖమ్మం గ్రానైట్ అయితే అంత భయం లేదు.

పాత మరకకు

1993లో అమెరికాలో పాల్ క్రేబామ్ అనే రసాయన శాస్త్రవేత్త, స్కంక్ అనే జంతువు చిమ్మే దుర్వాసనకు ఒక మందు కనిపెట్టాడు. ఆ కంపుకు కూడా గంధకమే మూలం, కాబట్టి పిల్లి మూత్రానికీ అది పనిచేస్తుంది. మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక లీటరు, వంటసోడా పావు కప్పు, గిన్నెలు తోమే ద్రవ సబ్బు ఒకటి రెండు చెంచాలు. మనకు అంత అక్కరలేదు, పావు లీటరుకు ఒక పెద్ద చెంచా సోడా, కొన్ని చుక్కల సబ్బు సరిపోతుంది.

మందుల షాపులో దొరికే పెరాక్సైడ్ సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. "20 వాల్యూమ్స్" అని ఉంటే అది ఆరు శాతం, సమానంగా నీళ్ళు కలిపితే మూడు శాతం అవుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, వాడే ముందే ప్లాస్టిక్ గిన్నెలో కలిపి, మరక మీద పోసి పావుగంట తరువాత తుడవండి. మిగిలింది పారబోయండి. మూత బిగించి దాస్తే లోపల వాయువు పెరిగి సీసా పగులుతుంది. ఇందులో వెనిగర్ గాని, బ్లీచింగ్ గాని కలపవద్దు. ఇది రంగు తీసేస్తుంది, కాబట్టి రంగు బట్టలు, తివాచీల మీద ముందు కనబడని మూల కొంచెం వేసి చూడండి. వారమంతా తాళం వేసి ఉండే మందిరంలో తివాచీలు శుభ్రం చేసే సహోదరీలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మరక ఎక్కడుందో తెలియకపోతే, దొంగనోట్లు చూసే నీలిలైటు ఏ కొట్లోనైనా అడిగి తెచ్చి, చీకట్లో వేసి చూడండి. పాత మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది.

బట్టలను విడిగా చల్లని నీళ్ళలో జాడించి, ఎంజైములున్న సబ్బు పొడిలో గంట నానబెట్టి ఉతకండి. వాసన పూర్తిగా పోకుండా ఇస్త్రీ చేయకండి. దూది పరుపును నీళ్ళలో ముంచితే లోపల బూజు పడుతుంది. పైన అద్ది, రెండు వైపులా మంచి ఎండలో రెండు మూడు రోజులు వేయండి. అప్పటికీ పోకపోతే పరుపు విప్పి, తడిసిన దూది తీసేసి, మిగిలింది ఏకించుకోవడమే. మట్టి నేలకైతే ఏ మందూ పనిచేయదని మా అభిప్రాయం. కడిగేకొద్దీ కిందికి దిగుతుంది. ఆ మేర రెండు అంగుళాల మట్టి తవ్వి పారేసి, కొత్త ఎర్రమట్టి వేసి దిమ్మిస కొట్టి అలుక్కోండి. ఇంతకన్నా ఖర్చు లేనిది మరొకటి లేదు.

గర్భిణులు భయపడేది

"పిల్లి పోసిన చోట తొక్కితే గర్భం పోతుందా?" అని అడుగుతారు. గర్భంలో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి పిల్లి మలంలో వస్తుంది, మూత్రంలో కాదు. మలంలో కూడా అది బయటపడిన ఒకటి నుండి ఐదు రోజులకు గాని అంటుకునే స్థితికి రాదు. అందుకని మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేయాలి. ఆ పని గర్భిణి బదులు ఇంట్లో వేరొకరు చేయాలి. తప్పనిసరైతే తొడుగులు వేసుకుని తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మాంసం బాగా ఉడికించి తినడం, పెరటి ఆకుకూర బాగా కడగడం కూడా ఈ క్రిమి కోసమే.

నిజానికి మనం ఎక్కువ భయపడవలసింది ఎలుక మూత్రానికి. వరదనీటిలో, పొలం బురదలో కాళ్ళ పగుళ్ళ గుండా ప్రవేశించే ఎలుక జ్వరం ప్రాణం తీయగలదు. నీళ్ళలో పనిచేసిన కొన్ని రోజులకు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం ఉంటే, ఎక్కడ పనిచేశారో డాక్టరుగారికి చెప్పండి. పిల్లి కరిచినా, రక్కినా మాత్రం కుక్కకాటుతో సమానంగా చూడాలి. పదిహేను నిమిషాలు సబ్బు, పారే నీళ్ళతో కడిగి, రేబిస్ టీకా కోసం ఆ రోజే రావాలి.

మళ్ళీ పోయకుండా

వాసన మిగిలిన చోటికే పిల్లి మళ్ళీ వస్తుంది. ఇంటి వెనుక ఒక పాత బేసిన్‌లో ఇసుక పోసి పెట్టి, రోజూ శుభ్రం చేయండి. గండుపిల్లి గోడలకు చిమ్ముతుంటే పశువైద్యశాలలో దానికి ఆపరేషన్ చేయిస్తే చాలా వరకు మానుతుంది. మంచి అలవాటున్న పిల్లి హఠాత్తుగా ఇంట్లో పోస్తుంటే కొట్టకండి, దానికి మూత్రవ్యాధి ఉండవచ్చు. గండుపిల్లి మాటిమాటికి కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతే దారి మూసుకుపోయిందన్నమాట. ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది, వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి.

పెంకుటిళ్ళవారికి ఇంకొక్క మాట. మరక అటక మీద నుండి, వాసాల వెంట కారుతూ ఉంటే అది మీ పిల్లి పని కాకపోవచ్చు, పైన చేరిన పునుగుపిల్లి అయి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం, చంపడం నేరం. చీకటిపడ్డాక అది మేతకు బయటికి వెళ్ళింది, పైన పిల్లలు లేవు అని చూసుకుని, జారిన పెంకులు సర్ది సందులు మూయించండి.