డేరా కింద గుండ్రని రింగు

సర్కసులో గుర్రాలు పరుగెత్తే చోటు ఏ ఆకారంలో ఉంటుంది? "గుండ్రంగా" అని మీరు వెంటనే జవాబు చెప్తారు. సర్కస్ అన్న మాటకే లాటిన్ భాషలో వలయం అని అర్థం. మరి అది గుండ్రంగానే ఎందుకుండాలి? ఎంత వెడల్పుండాలి? అంత పెద్ద డేరా, ఏనుగులు, వందలాది మనుషులు రాత్రికి రాత్రి ఒక ఊరినుంచి మరో ఊరికి ఎలా వెళ్ళేవారు? ఈ ప్రశ్నలకు జవాబులు కొంత చరిత్రలో, కొంత భౌతికశాస్త్రంలో ఉన్నాయి.

42 అడుగుల రహస్యం

ఫిలిప్ ఆస్ట్లీ అనే ఆయన ఇంగ్లండు అశ్వదళంలో పనిచేసిన సైనికుడు. 1768లో లండనులో గుర్రపు స్వారీ విద్యలు ప్రదర్శించడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని తిన్నగా పరుగెత్తిస్తే క్షణాల్లో చూసేవారికి దూరమైపోతుంది. గుండ్రంగా తిప్పితే ఎప్పుడూ కళ్ళెదుటే ఉంటుంది. పైగా దాని వీపుమీద నిలబడడం కూడా సులువవుతుంది. చివరికి 42 అడుగుల వ్యాసం, అంటే సుమారు 12.8 మీటర్లు, అనుకూలమని తేలింది. నేటికీ చాలా దేశాల సర్కసు రింగులకు అదే కొలత.

ఒక చిన్న లెక్క చేద్దాం. రింగు వ్యాసార్థం 6.4 మీటర్లు. గుర్రం సెకనుకు 5 మీటర్ల వేగంతో, అంటే గంటకు 18 కిలోమీటర్లు, పరుగెడుతోందనుకోండి. ఒక చుట్టు 40 మీటర్లు కనుక 8 సెకన్లలో పూర్తవుతుంది. గుండ్రంగా తిరిగే వస్తువును కేంద్రంవైపు లాగే బలం ఒకటి కావాలి. దాన్ని అభికేంద్ర బలం అంటారు. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించి, ద్రవ్యరాశితో గుణిస్తే అది వస్తుంది. 60 కిలోల రౌతుకు ఈ బలం సుమారు 234 న్యూటన్లు, అంటే దాదాపు 24 కిలోల బరువుకు సమానం.

ఈ బలాన్ని ఇచ్చేది ఘర్షణ. గుర్రపు డెక్కలకు నేల ఆ ఘర్షణను ఇస్తుంది. పడిపోకుండా ఉండాలంటే ఇద్దరూ లోపలివైపు సుమారు 22 డిగ్రీలు వాలాలి. ఇద్దరూ ఒకే కోణంలో వాలుతారు కనుక గుర్రం వీపు రౌతు పాదాలకు సమంగా ఆనుతుంది. రింగును సగానికి తగ్గిస్తే కావలసిన బలం రెట్టింపై, గుర్రం కాలు జారుతుంది. మరీ పెద్దది చేస్తే ఈ ఆసరా పోతుంది, చూసేవారికీ దూరమవుతుంది.

బళ్ళనుంచి రైళ్ళకు

అమెరికాలో 1793లో జాన్ బిల్ రికెట్స్ ఫిలడెల్ఫియా నగరంలో సర్కసు ప్రారంభించాడు. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కూడా వెళ్ళి చూశాడు. ఆ సర్కసు కట్టడంలో జరిగేది. కాని ఆ దేశంలో జనం దూరదూరపు చిన్న ఊళ్ళలో ఉండేవారు. జనం సర్కసు దగ్గరకు రాలేకపోతే సర్కసే జనం దగ్గరకు పోవాలి. 1825లో జోషువా పర్డీ బ్రౌన్ కట్టడానికి బదులు కాన్వాసు డేరా వేశాడు. అదే పెద్ద మలుపు. ఒక్క రోజులో వేసి, ఆడి, విప్పి, బళ్ళకెత్తవచ్చు.

గుర్రపు బళ్ళు బురదదారుల్లో రాత్రికి 20, 25 కిలోమీటర్లకు మించి పోలేవు. ఆ లెక్కన జహీరాబాదునుంచి బీదరు చేరడానికే ఒక రాత్రి చాలదు. 1872లో పి. టి. బార్నమ్ సర్కసును ఆయన భాగస్వామి డబ్ల్యు. సి. కూప్ రైలెక్కించాడు. రాత్రికి 150 కిలోమీటర్లు పోవడం సాధ్యమైంది. జహీరాబాదులో ఆట ముగించుకుని తెల్లవారేసరికి హైదరాబాదు దాటిపోయినట్లన్నమాట! బళ్ళను ఒక్కొక్కటిగా పైకెత్తితే తెల్లవారిపోతుంది. అందుకని కూప్ చదునైన వ్యాగన్ల మధ్య పలకలు పరిపించి, చివర ఏటవాలు బల్ల పెట్టించాడు. బళ్ళు ఒకదాని వెనుక ఒకటి దొర్లుకుంటూ ఎక్కేవి. ఏటవాలు తలం మీ పాఠంలోని సరళ యంత్రమే కదా!

రైలు దూరాన్ని జయించాక పెద్ద పట్టణాలు అందాయి, చూసేవారు వేలయ్యారు. డేరా పెంచవలసి వచ్చింది. కాని రింగును పెంచడానికి వీల్లేదు, కారణం పైన చూశాం. అందుకని మొదటి రింగు పక్కనే 1872లో రెండోది, 1881లో మూడోది వచ్చాయి.

ఈ కథలో విషాదమూ ఉంది. వాన నీరు కారకుండా డేరా గుడ్డకు పారఫిన్ మైనాన్ని గాసోలిన్‌లో కరిగించి పూసేవారు. 1944 జులై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో అలాంటి డేరా అంటుకుని 160 మందికి పైగా మరణించారు. వారిలో ఎందరో పిల్లలు. నీటిని ఆపే పదార్థమే నిప్పును పెంచింది. ఒక గుణాన్ని చూసి పదార్థాన్ని ఎన్నుకునేటప్పుడు దాని మిగతా గుణాలనూ చూడాలి.

విజయనగరం వీరుడు

1879లో ఇటలీకి చెందిన కియారినీ సర్కసు బొంబాయి వచ్చింది. దాన్ని చూసి పట్టుదలతో విష్ణుపంత్ ఛత్రే 1880లో గ్రేట్ ఇండియన్ సర్కస్ స్థాపించాడు. ఆయన ప్రోత్సాహంతో కీలేరి కుంజికణ్ణన్ 1901లో కేరళలోని తలశ్శేరిలో సర్కసు విద్య నేర్పే బడి పెట్టాడు.

మన తెలుగు దేశంలో ఈ పేరు తెచ్చుకున్నవాడు కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. తర్వాత సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రసిద్ధ విద్యలు. 'కలియుగ భీముడు' అని జనం పిలిచిన ఆయన 1942లో మరణించాడు. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరే పెట్టారు.

ఏనుగు ఎక్కితే ఎముకలు విరగవా? ఇలాంటి ప్రదర్శనల్లో రొమ్ముపై వెడల్పాటి పలక వేస్తారు. పలకపై 1500 కిలోల బరువు పడి, అది 3000 చదరపు సెంటీమీటర్లమేర ఆనిందనుకుందాం. ఒక్కో చదరపు సెంటీమీటరుపై అర కిలో మాత్రమే పడుతుంది. పలక లేకపోతే అంత బరువూ ఒక్క పాదంమేరలోనే పడేది. అయితే గుర్తుంచుకోండి: పలక పీడనాన్ని తగ్గిస్తుంది గాని బరువును తగ్గించదు. ఆ బరువును మోసింది ఏళ్ళతరబడి సాధనతో గట్టిపడిన శరీరమే. దీన్ని అనుకరించే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు.

మీరే చేసి చూడండి

1859లో పారిస్‌లో జూల్ లెయోతార్ ఎగిరే ట్రపీజు విద్యను మొదటిసారి ప్రదర్శించాడు. ట్రపీజు అంటే ఒక లోలకం. మీటరు దారానికి చిన్న రాయి కట్టి మెల్లగా ఊపండి. పది డోలనాలకు పట్టిన కాలాన్ని పదితో భాగించండి. సుమారు 2 సెకన్లు వస్తుంది. రాయి బరువు మార్చినా కాలం మారదు. దారాన్ని పావు మీటరు చేస్తే 1 సెకను, నాలుగు మీటర్లు చేస్తే 4 సెకన్లు. లావుపాటివాడు ఊగినా సన్నటివాడు ఊగినా ఉయ్యాల కాలం దాదాపు ఒకటే. అందుకే ఎగిరేవాడు ఎప్పుడు చెయ్యి వదలాలో, పట్టేవాడు ఎప్పుడు చెయ్యి చాచాలో ముందే లెక్క కుదురుతుంది.

మారిన సర్కసు

పులులు, సింహాలు, ఎలుగులు, చిరుతలు, కోతులతో ఆటలాడించడాన్ని మన ప్రభుత్వం 1998లో నిషేధించింది. సుప్రీంకోర్టు 2001లో దాన్ని సమర్థించింది. మీ ఈడు పిల్లలను సర్కసుల్లో పనికి పెట్టుకోవడాన్ని కూడా నిషేధించాలని 2011లో ఆదేశించింది. ఎందుకు? కొరడాకు భయపడి ఆడే జంతువుకు గాని, బడికి దూరమైన బాలుడికి గాని అది విద్య కాదు, శిక్ష. ఆటలో ఇష్టంగా సాహసం చేసే పెద్దల నేర్పు వేరు. డేరా చిన్నదైనా ఆ నేర్పుకు చప్పట్లు తగ్గనక్కరలేదు.

ఆలోచించండి

1. గుర్రం వేగం రెట్టింపయితే కావలసిన అభికేంద్ర బలం ఎన్ని రెట్లవుతుంది?
2. ట్రపీజు కింద వల ఎందుకు కడతారు? పడినవాడు ఆగడానికి పట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకుని చెప్పండి.
3. సైకిలుపై మలుపు తిరిగేటప్పుడు మీరు ఏ వైపు వాలుతారు? సర్కసు రౌతుకూ మీకూ పోలిక ఏమిటి?