మా పాప చేత జై కొట్టించారు

సమస్య

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం పక్క పల్లె. ఐదెకరాల మెట్ట ఉంది. వాన పడితే బుడ్డలు వేస్తాం, పడకపోతే బీడే. మా ఆయన సంక్రాంతి కాగానే బెంగళూరు పోతాడు, తొలకరికి తిరిగొస్తాడు. పాపనూ మా అత్తనూ చూసుకుంటూ నేను ఊళ్ళోనే ఉంటాను. పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి చదువుతోంది.

ఈమధ్య బడిలో ఏదో పంపిణీ అని సభ పెట్టినారు. వచ్చిన నాయకులందరి మెడల్లో పార్టీ కండువాలే. ముందురోజే పిల్లలకు ఒక పాట నేర్పించినారంట. సభలో నాయకుడి పేరు చెప్పి జై అనమన్నారంట. మా పాప గట్టిగా అనలేదని ఒక సారు వెనక వరుసకు పంపినాడు. ఇంటికొచ్చి అడిగింది: "అమ్మా, మనం ఏ పార్టీ? నా బ్యాగు ఆయనే కొనిచ్చినాడంట కదా, జై అనకపోతే తప్పు కదా?" నాకు ఏం చెప్పాలో తోచలేదు.

బడికి పోయి అడిగితే "పైనుంచి చెప్తారమ్మా, మా చేతుల్లో ఏముంది" అన్నారు. మా ఆయన ఫోన్లో "ఊరుకో, ఊళ్ళో పాత గొడవలు నీకు తెలీవా, రేపు లిస్టులో పేరు తీసేస్తే ఎవరు దిక్కు" అన్నాడు. మా మరిది ఇంకో పార్టీ. వీడియో ఉంటే ఇవ్వు వదినా, వాట్సాప్‌లో పెడదాం అంటున్నాడు. కానీ ఆయన పార్టీ ఉన్నప్పుడూ బడిలో ఇదే జరిగింది. అప్పుడు ఆయన ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అప్పు చేసైనా పాపను అనంతపురంలో ప్రైవేటు స్కూల్లో వేద్దామా అనిపిస్తోంది. నేను అడిగింది తప్పా? అడిగితే నా బిడ్డకు ఏమైనా ఇబ్బంది అవుతుందా?

— ఒక తల్లి

సలహా

చెల్లెమ్మా, మీరు అడిగింది తప్పు కాదు. అది ఏ పార్టీయో మీరు రాయలేదు. అది తెలిసినా నా సమాధానం మారదు.

ముందు మీ పాప ప్రశ్నకు జవాబు చూద్దాం, ఎందుకంటే అసలు గాయం అక్కడే ఉంది. బ్యాగు ఆయనే కొనిచ్చాడా? లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత చదువు రాజ్యాంగంలోని 21ఏ అధికరణం ఇచ్చిన హక్కు. 2009 నాటి విద్యాహక్కు చట్టం దాన్ని అమల్లోకి తెచ్చింది. ఆ ఖర్చంతా కేంద్రం, రాష్ట్రం కలిసి భరించే ప్రజాధనం. మీ ఆయన కూలి డబ్బుతో మీరు సబ్బు, ఫోన్ రీఛార్జి కొన్నప్పుడల్లా పన్ను రూపంలో అందులో మీ వాటా పడుతూనే ఉంది. పాపకు ఇంత చెప్తే చాలు: "ఈ బ్యాగు కొన్న డబ్బులో నాన్న కూలి డబ్బు కూడా ఉంది."

బ్యాగు ఒక్కటే కాదు, బడిలో పెట్టే అన్నం సంగతి కూడా కరువు సీమ తల్లులు మరీ గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం పస్తులుండడం ఏమిటని పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2001 నవంబరు 28న కోర్టు అన్ని ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన అన్నం పెట్టి తీరాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో అది మొదలైంది. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు భోజనం పెట్టాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే మీ జిల్లాలాంటి చోట్లను ఉద్దేశించిన మాట అది. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక ఆ భోజనం చట్టబద్ధమైన హక్కయింది. ఇన్ని కోర్టు మెట్లెక్కి వచ్చిన ముద్దను ఒక నాయకుడి దయగా పిల్లలకు నేర్పితే, ఆ పోరాటం చేసినవాళ్ళకూ అన్యాయమే, తినే పిల్లలకూ అన్యాయమే.

ఇది ఒక్క పార్టీ చేసిన పని కాదు. 2020 నుంచి మన పిల్లలకు అందిన కిట్టు పేరు జగనన్న విద్యా కానుక, భోజనం పేరు జగనన్న గోరుముద్ద. చిక్కీ కవరు మీద కూడా ముఖ్యమంత్రి బొమ్మే. 2024లో ప్రభుత్వం మారింది. ఆ జులై 27న, అబ్దుల్ కలాం వర్ధంతి నాడు, విద్యామంత్రి లోకేశ్ ఆ పేర్లు తీసేసి కిట్టుకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు, భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. బతికున్న నాయకుల పేర్లు కాకుండా ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టిన ఒక తల్లి పేరు పెట్టడం నిస్సందేహంగా మంచి మార్పు. కానీ పథకం మీద పేరు మారినంత మాత్రాన సభలో కండువా దిగిపోదు. మీ ఉత్తరమే దానికి రుజువు.

తెలంగాణలోనూ ఇదే కథ. 2024 జూన్‌లో బడులు తెరిచిన రోజే తెలుగు పుస్తకాలు పంచారు. ముందుమాటలో పాత ముఖ్యమంత్రి కేసీఆర్ పేరు ఉండిపోయింది. వెంటనే పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. ఆ పేజీ కనపడకుండా అంటించి ఇమ్మన్నారు. పాఠం చెప్పాల్సిన పంతుళ్ళు బంక పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. పాఠ్యపుస్తకంలో పదవిలో ఉన్నవాళ్ళ పేరు మొదటే రాయకపోతే ఆ శ్రమే ఉండేది కాదు.

మన హైకోర్టు ఈ విషయంలో చాలాసార్లు గట్టిగానే మాట్లాడింది. పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేస్తే 2020లో కొట్టేసింది, సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది. బడి ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టొద్దంది. ఆ మాట సకాలంలో అమలు చేయలేదని 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు రెండు వారాల జైలు శిక్ష వేసింది. వాళ్ళు క్షమాపణ చెప్పుకున్నాక, ఏడాది పాటు నెలకోసారి సంక్షేమ హాస్టళ్ళకు వెళ్ళి సేవ చేయమని మార్చింది. బడి ఆవరణ పిల్లలది అన్న భావన బడుల గురించిన ఆ ఆదేశం వెనక ఉంది.

అన్నిటికన్నా మీకు అక్కరకొచ్చేది 2025లో పాఠశాల విద్యాశాఖ ఇచ్చిన ఉత్తర్వు. పార్టీ గుర్తులు, కండువాలతో ఎవరూ బడిలోకి రాకూడదని, బడుల్లో రాజకీయ కార్యక్రమాలు పెట్టకూడదని అందులో ఉంది. కాబట్టి "పైనుంచి చెప్తారు" అన్న మాటకు మీ జవాబు సులువు. పైనుంచి రాతలో వచ్చింది ఇదీ, దీనికి విరుద్ధంగా వచ్చిన కాగితం ఏదైనా ఉంటే చూపించండి సార్ అనండి. నోటిమాటతో వచ్చిన ఒత్తిడి కాగితం అడిగితే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. హెడ్మాస్టరుకు కూడా అది మేలే చేస్తుంది. రేపు ఎవరైనా ఫోన్ చేసి పిల్లల్ని వరుసలో నిలబెట్టమంటే, తల్లిదండ్రులు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు అని ఆయన తప్పుకోవచ్చు. మీ బడి సారును మీరు శత్రువుగా చూడొద్దు. ప్రభుత్వోద్యోగులు రాజకీయాల్లో పాల్గొనకూడదని 1964 ప్రవర్తనా నియమావళి చెప్తుంది. మరోపక్క స్థానిక నాయకుడి మాట కాదంటే ఎక్కడికి బదిలీ అవుతుందో తెలియదు. పంతుళ్ళు ఆ రెంటి మధ్య నలుగుతున్నారు.

పాపను వెనక వరుసకు పంపడం మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 1986లో సుప్రీంకోర్టు ముందుకు కేరళ నుంచి ఒక కేసు వచ్చింది. ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడేవాళ్ళు కాదు. తమ మతవిశ్వాసం ఒప్పుకోదని మర్యాదగా లేచి నిలబడి మౌనంగా ఉండేవాళ్ళు. బడి నుంచి తీసేశారు. కోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. జాతీయ గీతం విషయంలోనే పిల్లల మౌనాన్ని దేశపు అత్యున్నత న్యాయస్థానం గౌరవించినప్పుడు, ఒక నాయకుడికి జై అనలేదని మీ పాపను ఎవరు శిక్షిస్తారు? ఈ మాట పాపకు అర్థమయ్యేలా చెప్పండి. అవతలివాళ్ళను హేళన చేయనక్కరలేదు, మర్యాదగా నిలబడితే చాలు, నోరు తెరవాలా వద్దా అన్నది తన ఇష్టం.

ఇక "మనం ఏ పార్టీ" అన్న ప్రశ్న. "నీకు పద్దెనిమిదేళ్ళు వచ్చాక నువ్వే తేల్చుకుంటావు" అని చెప్పండి. మీ జిల్లాలో ఇంటిపేరును బట్టి, వీధిని బట్టి పార్టీ అంటగట్టే అలవాటు ఎన్ని కుటుంబాలను కాల్చిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ అలవాటు బడి గేటు దగ్గరే ఆగాలి.

అలాగని రాజకీయాల మాటే బడిలో వినపడొద్దని మీరు అడగకండి. అలా అడిగితే నేను మీ పక్షాన ఉండను. ఏడో తరగతి పిల్లకు ఎమ్మెల్యే ఎవరో, శాసనసభ ఏం చేస్తుందో తెలియాలి. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో 175 నియోజకవర్గాల పిల్లలు మాక్ అసెంబ్లీ నడిపారు. అధికారపక్షమూ వాళ్ళే, ప్రతిపక్షమూ వాళ్ళే. ప్రశ్న అడగడం, జవాబు చెప్పడం రెండూ నేర్చుకున్నారు. అలాంటివి మండలానికొకటి జరగాలని నా కోరిక. హంద్రీనీవా కాలువ నీళ్ళు ఎవరు తెచ్చారన్న వాదన మీ ఊరి రచ్చకట్ట మీద రోజూ నడిచేదే. 2012లో శ్రీశైలం నీళ్ళు జీడిపల్లి జలాశయానికి చేరాయి. ఆ కాలువ ఎవరి ఆలోచన, ఎవరి హయాంలో ఎంత తవ్వారు, మీ మండలంలో ఇంకా ఏ చెరువుకు నీళ్ళు రాలేదు, ఎందుకు రాలేదు అని సారు నల్లబల్ల మీద రాసి పిల్లల చేత లెక్క తీయిస్తే అది అచ్చమైన చదువు. జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాహ్ అనే ఊళ్ళో విద్యావేత్తలు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. పంతులు తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు, సమాజంలో వాదోపవాదాలున్న విషయాన్ని వాదోపవాదాలతోనే చెప్పాలి. హిట్లర్ కాలంలో బడి పిల్లల చేత జై కొట్టించిన దేశం నేర్చుకున్న పాఠం అది.

మీ ఆయన భయం అర్థం లేనిది కాదు. కానీ తల్లికి వందనం పథకం డబ్బుకు రాతలో ఉన్న అర్హతలు రేషన్ కార్డు, 75 శాతం హాజరులాంటివి. జై అనడం వాటిలో లేదు. మీ కాగితాలు సరిగ్గా పెట్టుకోండి, పాప హాజరు తగ్గనివ్వకండి. ఒకవేళ పేరు పోతే ఊరి సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కారణం చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మీ మరిదికి వీడియో ఇవ్వకండి. అందులో మీ పాపతో పాటు ఊరి పిల్లల ముఖాలన్నీ ఉంటాయి. మీ న్యాయమైన మాట ఒక్క రాత్రిలో పార్టీల గొడవ అయిపోతుంది, తర్వాత మీరేం చెప్పినా ఎవరూ వినరు. మీ అభ్యంతరానికి బలం ఎక్కడుందో మీ ఉత్తరంలోనే రాశారు: మరిది పార్టీ ఉన్నప్పుడూ ఇదే జరిగిందని. ఆ మాట హెడ్మాస్టరు దగ్గర మొదటే చెప్పండి. "సార్, అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే" అన్న తల్లిని ఏ పార్టీ మనిషి అనీ ముద్ర వేయలేరు.

ఒంటరిగా వెళ్ళకండి. ఆ రోజు సభలో కూర్చున్న పిల్లల తల్లులు ఇంకో ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకోండి. బడి యాజమాన్య కమిటీలో చట్టప్రకారం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మీ తరగతి నుంచి ఎన్నికైనవాళ్ళెవరో కనుక్కుని, బడి వేళల్లో పార్టీ కండువాలు, నినాదాలు వద్దని సమావేశంలో తీర్మానం రాయించండి. హెడ్మాస్టరుకు ఇచ్చే కాగితంలో ఎవరి పేరూ రాయకండి. ఏం జరిగిందో, ఇకపై ఏం జరగకూడదో నాలుగు వాక్యాలు చాలు. అక్కడ కదలకపోతే ఎంఈఓ, తర్వాత డీఈఓ. పాపను ఎవరైనా మళ్ళీ వేధిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు రాయండి. విద్యాహక్కు చట్టం అమలును చూడడం దాని బాధ్యత.

బడి మార్చే ఆలోచన మానుకోండి. మెట్ట సేద్యం మీద అప్పు చేసి కట్టే ఫీజు ఒక కరువు ఏడాదిలో మిమ్మల్ని కుంగదీస్తుంది. ఆ బడి మీది. ప్రశ్నించే తల్లులు వెళ్ళిపోతే అందులో మిగిలే పిల్లల తరఫున మాట్లాడేవాళ్ళు ఉండరు. ఈ వారమే హెడ్మాస్టరు గారిని కలవండి, ఆయన ఏమన్నారో నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.